గంధరాజం ఎండకి చావట్లేదు, మన బోరు నీళ్లకి చస్తోంది: హైదరాబాద్‌లో కుండీలో పెంచే పద్ధతి

నా మొదటి గంధరాజం మూడు నెలలు బతికింది, రెండోది ఐదు నెలలు, మూడోది అసలు గంధరాజమే కాదు. నాలుగోది ఇప్పుడు బాల్కనీలో నా నడుము దాకా ఉంది. పోయిన ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి ఆఖరు దాకా రోజుకి రెండో మూడో పూలు ఇచ్చింది, ఒక్క పువ్వు గిన్నెలో నీళ్లు పోసి హాల్లో పెడితే లిఫ్ట్ దగ్గర నిలబడ్డవాళ్లకి కూడా వాసన తెలిసేది, పక్క ఫ్లాట్ ఆంటీ అయితే రెండ్రోజులు ఏ అగరబత్తి అని అడిగింది. రెండో మొక్కకీ నాలుగో మొక్కకీ మధ్య అసలు ఏం మారింది అంటే ఎరువు కాదు, కుండీ కాదు, నీళ్లు మారాయి అంతే. ఎవర్ని అడిగినా "హైదరాబాద్ ఎండకి అది రాదమ్మా" అని ఎండ మీద తోసేస్తారు, నేనూ రెండేళ్లు అదే నమ్మాను, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ముందు ఈ మొక్క ఎక్కడిదో తెలిస్తే మిగతాదంతా తేలిక. గంధరాజం, నర్సరీలో గార్డీనియా అంటారు, దక్షిణ చైనా, తైవాన్, జపాన్ దక్షిణం, వియత్నాం వైపు కొండ వాలుల్లో, వాగుల పక్కన, పెద్ద చెట్ల అంచున పెరిగే పొద, ఏ కాలంలోనూ ఆకు మొత్తం రాల్చదు. అక్కడ వానలు ఎక్కువ కాబట్టి మట్టిలో ఉన్న సున్నం అంతా ఏళ్ల తరబడి కడుక్కుపోయి ఉంటుంది, పైన కుళ్లిన ఆకుల పొర, అంటే మట్టి పుల్లగా ఉంటుంది, పుస్తకాల భాషలో ఆమ్ల నేల. ఈ మొక్కకి ఆ పులుపు కావాలి. పీహెచ్ లెక్కలో (7 కన్నా తక్కువైతే పులుపు, ఎక్కువైతే సున్నం గుణం) 5 నుంచి 6 మధ్య. కాఫీ, మన నూరువరహాలు, ఇవన్నీ ఒకే కుటుంబం, అందుకే మీ ఇంట్లో నూరువరహాలు ఆకులు కూడా ఊరికే పసుపెక్కుతుంటే రోగం ఇదే అనుకోండి. (నేను చాలాకాలం గార్డెన్‌లో ఉంటుంది కాబట్టి గార్డీనియా అనుకున్నాను, కాదట, అమెరికాలో చార్ల్‌స్టన్ అనే ఊళ్లో ఉండిన అలెగ్జాండర్ గార్డెన్ అనే డాక్టరు పేరు మీద 1761లో పెట్టారు, ఆయనకీ ఈ చైనా మొక్కకీ చుట్టరికం ఏమీ లేదు.)

అసలు రోగం

ఇప్పుడు మన దగ్గరికి రండి. మనవి బండరాళ్ల మధ్య వెయ్యి అడుగులు దింపిన బోర్లు. ఆ నీళ్లలో ఏముందో ల్యాబ్‌కి పంపక్కర్లేదు, గీజర్ విప్పినప్పుడు రాడ్డు మీద పెచ్చులు పెచ్చులుగా తెల్లగా ఉంటుంది చూడండి, ట్యాప్ మూతికి గట్టిగా పట్టుకుని ఉంటుంది, బకెట్ అంచున గీత కడుతుంది, అదే. సున్నం, దానితోపాటు పులుపుని విరిచే బైకార్బనేట్లు. రోజుకో మగ్గు ఆ నీళ్లు కుండీలో పోస్తే, కుండీ చిన్నది కదా, రెండు మూడు నెలల్లో మట్టి పులుపు మొత్తం విరిగిపోతుంది, పీహెచ్ 7 దాటేస్తుంది. 7 దాటితే మట్టిలో ఉన్న ఇనుము తుప్పు పట్టిన మేకులాగ అయిపోతుంది, ఉంటుంది కానీ వేరుకి అందదు. ఇంకా విచిత్రం ఏంటంటే మన ఎర్రమట్టికి ఆ ఎరుపు వచ్చిందే ఇనుము వల్ల, అంటే మొక్క ఇనుము మధ్యలో కూర్చుని ఇనుము లేక చస్తుందన్న మాట.

దీన్ని గుర్తు పట్టడం ఎట్లా అంటే కొస దగ్గర కొత్తగా వచ్చిన ఆకు ఒకటి పట్టుకుని వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా, సన్నటి వల గీసినట్టు కనిపిస్తాయి, ఈనెల మధ్య అంతా నిమ్మపండు రంగు. కింద ముదురు ఆకులు మాత్రం బాగానే నిగనిగలాడుతుంటాయి. ఇది ఇనుము లోపం. అదే కింద ముదురు ఆకు ఒకటో రెండో ఈనెలతో సహా మొత్తం పసుపై రాలితే అది చాలాసార్లు వయసైపోయి రాలడమే, కంగారు పడకండి. కింద ఆకులు చాలా ఒకేసారి పసుపై, మట్టి వేలు పెడితే చిత్తడిగా, కొంచెం మురుగు వాసనగా ఉంటే నీళ్లు ఎక్కువై వేరు కుళ్లుతోంది, ఇనుము పోసినా లాభం లేదు, ముందు నీళ్లు ఆపాలి. ఈ మూడూ కలిపేసి "ఆకు పసుపైంది, ఏదైనా ఎరువు చెప్పండి" అని అడిగితే ఎవరికి తోచింది వాళ్లు చెప్తారు, నాకు ఒకాయన గుడ్డు పెంకుల పొడి వేయమన్నాడు, వేశాను, గుడ్డు పెంకు అంటే సున్నమే కదా, రెండో మొక్క అట్లా పోయింది.

కాబట్టి గంధరాజం కుండీలోకి రాకూడనివి చెప్పేస్తాను: గుడ్డు పెంకులు, కట్టెల బూడిద, సున్నం, ఎముకల పొడి. కొత్త సిమెంట్ కుండీ కూడా వద్దు, దాని గోడల్లోంచి నెలల తరబడి సున్నం దిగుతూనే ఉంటుంది. డాబా మీద ఎండకి సున్నం కొట్టించి ఉంటే ఆ కడిగిన నీళ్లు కుండీ అడుగు రంధ్రాలకి తగలకుండా ఇటుక మీద ఎత్తి పెట్టండి.

మరి ఏ నీళ్లు పోయాలి

వాన నీళ్లు అన్నిటికన్నా మంచివి, ఇందులో రెండో మాట లేదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కుండీని బయట వానలో తడవనివ్వండి, పాత పెచ్చు ఉప్పులన్నీ కిందికి కడుక్కుపోతాయి, ఆ నాలుగు నెలల్లో మొక్క రంగే మారిపోతుంది. డాబా పైపు కింద ఒక డ్రమ్ము పెట్టుకోగలిగితే (మొదటి వాన వదిలేయండి, దాంట్లో అంతా దుమ్ము, పావురాల రెట్ట) అక్టోబర్, నవంబర్ కూడా గడిచిపోతాయి. మూత గట్టిగా పెట్టండి, లేకపోతే దోమలు.

ఎండాకాలం ఎట్లా అంటే, నాకు రెండేళ్లు తట్టలేదు, కళ్ల ముందే ఉంది, ఏసీ నీళ్లు. ఏసీ పైపులోంచి బయటికి కారేది గాల్లో తేమ చల్లబడి కారిన నీరు, దాంట్లో సున్నం అనేదే ఉండదు. మా బెడ్‌రూం ఏసీ పైపు ఇదివరకు కింద ఫ్లాట్ వాళ్ల సన్‌షేడ్ మీద కారేది, వాళ్లు గొడవ పెడితే పైపు తిప్పి బకెట్లో పెట్టాను, పొద్దునకి సగం బకెట్, ఒక్కోరోజు ఇంకా ఎక్కువ. ఏ నెలల్లో మొక్కకి నీళ్లు ఎక్కువ కావాలో ఆ నెలల్లోనే ఏసీ ఎక్కువ నడుస్తుంది, ఇంతకన్నా కలిసొచ్చేది ఏముంటుంది. ఒక్క జాగ్రత్త, ఏసీ సర్వీసింగ్ చేసిన రోజు వచ్చే నీళ్లు పారబోయండి, కాయిల్ కడిగే మందు ఉంటుంది. ఇంకోటి, ఈ నీళ్లలో ఏ ఖనిజమూ ఉండదు కాబట్టి ఎరువు మర్చిపోకూడదు.

పోయకూడనివి రెండు. ఒకటి ఆర్వో ఫిల్టర్ వేస్ట్ పైపు నీళ్లు. పారబోయడానికి మనసొప్పక అందరం మొక్కలకే పోస్తాం, కానీ మంచినీళ్లు మనకి ఇచ్చి ఉప్పంతా చిక్కబరిచి ఆ పైపులోకి పంపిస్తుంది, బాత్రూం కడగండి, ఇల్లు తుడవండి, గంధరాజానికి మాత్రం వద్దు. రెండోది, ఇది చాలామందికి తెలియదు, అపార్ట్‌మెంట్ సాఫ్ట్‌నర్ నీళ్లు. "మాకు ప్లాంట్ ఉంది, నీళ్లు సాఫ్ట్" అంటారు, నిజమే, బకెట్‌కి తెల్లగా పట్టదు. కానీ ఆ మిషన్ చేసేది కాల్షియం తీసేసి దాని జాగాలో సోడియం పెట్టడం, వాచ్‌మెన్ నెలనెలా ఉప్పు బస్తాలు మోసుకెళ్లేది అందుకే. మట్టి పులుపు విరిచే బైకార్బనేట్లు ఎక్కడికీ పోవు, పైగా సోడియం. మామూలు బోరు నీళ్లకన్నా ఇవి అధ్వాన్నం. కుదిరితే సాఫ్ట్‌నర్‌కి ముందున్న ట్యాప్ నుంచి పట్టుకోండి. మున్సిపల్ నీళ్లు వచ్చే ఇల్లయితే బోరుకన్నా అవే నయం, రాత్రి బకెట్లో పట్టి మూత లేకుండా పెట్టి పొద్దున పోయండి.

ఏదీ దొరకదు, బోరే గతి అంటే నిమ్మ ఉప్పు. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పే, మిక్చర్‌లోకి వేసేది. పది లీటర్ల బకెట్‌కి అర టీస్పూన్ వేసి కలపండి, అంచుల వెంట సన్నగా బుడగలు కనిపించొచ్చు, పులుపు సున్నం నీళ్లని విరుస్తోందన్న మాట. పీహెచ్ కాగితం ముక్క ముంచి చూస్తే 6 దగ్గర రంగు రావాలి, రాకపోతే ఇంకో చిటికెడు, ప్రతి బోరుకీ లెక్క వేరు, మా అపార్ట్‌మెంట్‌లో దాదాపు ముప్పావు స్పూన్ పడుతుంది, మా చెల్లి వాళ్లింట్లో అర స్పూన్‌కే సరిపోయింది. ఒకసారి కొలిచి గోడ మీద రాసి పెట్టుకుంటే ఇక కాగితం అవసరం లేదు. 5 కన్నా కిందికి దించకండి. నిమ్మకాయ రసం పిండితే కాదా అంటారు, అయితది కానీ ఎన్ని కాయలని పిండుతారు, పైగా చీమలు. చాయ్ పత్తా గురించి కూడా చెప్పేస్తాను, మన చాయ్‌లో పాలూ చక్కెరా కలిసే మరుగుతాయి, ఆ పిప్పి తెచ్చి మట్టిలో వేస్తే పులుపు పెరగడం దేవుడెరుగు, బూజు, పురుగులు గ్యారెంటీ.

కొనేటప్పుడు

నా మూడో మొక్క కథ ఇది. నర్సరీ అబ్బాయిని "అన్నా, గంధరాజం ఉందా" అని అడిగితే ముద్దగా తెల్లపూలు ఉన్న మొక్క తీసి ఇచ్చాడు. "హైదరాబాద్‌లో వస్తదా?" అంటే "ఎందుకు రాదు మేడమ్, దినాం నీళ్లు పోయండి, ఊకనే వస్తది" అన్నాడు. నిజంగానే ఊకనే వచ్చింది, ఏ రోగమూ లేదు, నేనేమో నీళ్ల సీక్రెట్ పట్టేశానని సంబరపడ్డాను, ఒకరోజు ఎండుకొమ్మ తీస్తుంటే పక్క ఆకు తెగి వేలికి పాలు అంటుకున్నాయి. ముద్ద నందివర్ధనం అది. కాబట్టి కొనేముందు అడిగి ఒక ఆకు తుంచండి, తెల్లగా పాలు కారితే నందివర్ధనం, కారకపోతేనే గంధరాజం. ఇంకో గుర్తు మొగ్గ. గంధరాజం మొగ్గ ఆకుపచ్చగా, కొస సన్నగా, దీపం వత్తిని వేళ్ల మధ్య మెలిపెట్టినట్టు తిరిగి ఉంటుంది, విచ్చుకునే ముందు రోజు ఆ మెలికల సందుల్లో తెల్లటి గీతలు కనిపిస్తాయి. ఇక ఆన్‌లైన్‌లో "గంధరాజ్" అని వెతికితే బెంగాల్ నిమ్మ మొక్క కూడా వస్తుంది, మా ఫ్రెండ్ ఒకామె అది తెప్పించుకుని పూల కోసం ఏడాది చూసింది, నిమ్మకాయలు కాశాయి, అది వేరే సంగతి.

మన నర్సరీలకి మొక్కలు ఎక్కువ భాగం కడియం వైపు నుంచి వస్తాయి, గోదావరి ఒండ్రు మట్టిలో పెరిగినవి, వేళ్ల చుట్టూ జిగట మట్టి ముద్ద ఉంటుంది. అక్కడ అది మంచిదే, లారీలో వచ్చినా వేరు ఎండదు, కానీ దాన్ని అట్లాగే గుల్ల మట్టిలో పెడితే మనం పోసిన నీళ్లు ముద్ద పక్కనుంచి జారిపోతాయి, ముద్ద లోపల ఒక్కోసారి రాయిలా ఎండిపోతుంది, ఒక్కోసారి వారమైనా ఆరదు. అందుకని బకెట్ నీళ్లలో ఒక గంట నానబెట్టి చేత్తో నెమ్మదిగా బయటి మట్టి మూడో వంతు వదిలించండి, వేళ్లు తెగకుండా, తొందరపడకండి, మొత్తం కడిగెయ్యకండి కూడా. ఈ పని జూలై, ఆగస్టులో అయితే మొక్క తట్టుకుంటుంది. ఏప్రిల్‌లో పూలు చూసి ముచ్చటపడి కొనుక్కొచ్చి అదే రోజు కుండీ మార్చితే పోతుంది, నా మొదటిది అట్లాగే పోయింది. ఎండాకాలంలో కొంటే వానలు పడేదాకా ఆ కవర్‌లోనే నీడలో ఉంచండి.

మట్టి కలపడం పెద్ద విద్యేం కాదు. నేను వేసేది ఎర్రమట్టి ఒక వంతు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు వంతులు, పూర్తిగా చివికిన ఆకుల ఎరువు ఒక వంతు, గుల్లగా ఉండడానికి గుప్పెడు గుప్పెడు పెర్లైట్ కానీ బొగ్గు ముక్కలు కానీ, పిడికెడు వేపపిండి. కోకోపీట్ ఇటుక నీళ్లలో నానాక రెండుసార్లు పిండి కడగండి, దాంట్లో ఉప్పు ఉంటుంది. పశువుల ఎరువు తక్కువ వేయండి, వర్మీకంపోస్టు కూడా గుప్పెడు చాలు. కుండీ పన్నెండు అంగుళాలది, మట్టిది అయితే మంచిది, నల్ల ప్లాస్టిక్‌ది ఎండకి కాలి వేళ్లు ఉడికిపోతాయి. చాలామంది మొదటి రోజే పెద్ద టబ్బులో పెడతారు, వేళ్లు అందుకోలేనంత మట్టి ఉంటే అది ఆరక కుళ్లుతుంది, ఏడాదికో సైజు పెంచుకోండి.

ఆకు ఇప్పటికే పసుపైతే

నీళ్లు మార్చినా ఆల్రెడీ ఇనుము లేక నీరసించిన మొక్కకి మందు కావాలి. మన రైతులు వరి నారుమడి తెల్లబడితే చల్లే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), నిమ్మ ఉప్పు కలిపిన మందే దీనికీ. వాళ్లు వేసే మోతాదు కుండీ మొక్కకి ఎక్కువ, ఆకు మాడుతుంది, నేను లీటరు నీళ్లకి మూడు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు వేస్తాను. ముందు నిమ్మ ఉప్పు కరిగించి తర్వాత అన్నభేది, లేకపోతే నీళ్లు తుప్పు రంగుకి తిరిగిపోతాయి, తిరిగితే ఇక పనిచేయదు. నీళ్లు కూడా ఏసీవో వాన నీళ్లో. అప్పటికప్పుడు కలిపి సాయంత్రం ఎండ పోయాక ఆకులకి రెండు వైపులా సన్నగా కొట్టండి, వారం ఆగి ఇంకోసారి, ఇంకో వారానికి మూడోసారి. టైల్స్ మీద పడితే గోధుమ రంగు మరకలు పోవు, కింద పాత పేపర్లు పరవండి, మా బాల్కనీలో రెండు మరకలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇది ఆకుకి అప్పటికప్పుడు పెట్టే ముద్ద లాంటిది, మట్టిలో వేయడానికి చీలేటెడ్ ఐరన్ అని, అంటే ఇనుము తుప్పుగా మారకుండా పట్టి ఉంచే మందుతో కలిపింది, ఎరువుల దుకాణంలో దొరుకుతుంది. అందులో రెండు రకాలు, ఈడీటీఏ అనేది పీహెచ్ ఆరున్నర దాటితే పట్టు వదిలేస్తుంది, మన మట్టిలో పోస్తే దండగ, ఆకు మీద కొట్టడానికి వాడుకోవచ్చు. ఈడీడీహెచ్‌ఏ అని ఉన్నది ఖరీదు ఎక్కువ, ముదురు ఎరుపు గుళికలు, సున్నం మట్టిలో కూడా పనిచేస్తుంది, అదే అడగండి, ప్యాకెట్ మీద మోతాదు చూసి వేయండి. కొత్తగా వచ్చే ఆకు రెండు మూడు వారాల్లో పచ్చగా వస్తే మందు పనిచేసినట్టు. పూర్తిగా తెల్లబడిన పాత ఆకు మళ్లీ పచ్చబడాలని చూస్తూ కూర్చోకండి, అన్ని ఆకులూ తిరిగి రావు.

మామూలు ఎరువుగా నెలకోసారి అర టీస్పూన్ అమ్మోనియం సల్ఫేట్ తడి మట్టి మీద, అంచు వెంట, జూన్ నుంచి అక్టోబర్ దాకా. ఇది నత్రజని ఇస్తూనే మట్టిని పుల్లగా చేస్తుంది. డీఏపీ వద్దు, భాస్వరం ఎక్కువైతే అదీ ఇనుముకి అడ్డం పడుతుంది. గంధకం పొడి వేస్తే పీహెచ్ దిగుతుంది కానీ దాన్ని మట్టిలో సూక్ష్మజీవులు తినాలి, నెలలు పడుతుంది, వానాకాలం మొదట్లో ఒక టీస్పూన్ కలిపి మర్చిపోవాలి.

ఎండ సంగతి

ఎండ అసలు సమస్య కాదని అన్నాను కదా, అంటే డాబా నడిమధ్య పెట్టమని కాదు. పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు, మధ్యాహ్నం నీడ, అంటే తూర్పు బాల్కనీ దీనికి అత్తారిల్లు కాదు పుట్టిల్లు. పడమర బాల్కనీ అయితే మార్చి ఆఖర్లోనే యాభై శాతం గ్రీన్ నెట్ కట్టండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి అంటారు, ఆ పదిహేను రోజులు కుండీకి తడిపిన గోనెపట్టా చుట్టి ఇంకో పెద్ద కుండీలో దింపేస్తాను, ఆకుల మీద కన్నా వేళ్ల మీద వేడి తగలకుండా చూసుకోవడం ముఖ్యం. మట్టి పైన ఎండుటాకులో కొబ్బరి పీచో రెండంగుళాలు కప్పండి. నీళ్లు పొద్దున్నే, వేలు ఒక అంగుళం దించి పొడిగా తగిలితేనే. మధ్యాహ్నం ఆకులు వాలినా సాయంత్రానికి లేస్తే దాహం కాదు, ఎండకి మొహం తిప్పుకుంది అంతే. మృగశిర చినుకులు పడ్డాక నెట్ తీసేయండి.

మొగ్గలు రాలడం

ఇదే ఎక్కువమంది అడిగేది. మొక్క పచ్చగా ఉంది, మొగ్గలు బోలెడు వచ్చాయి, బఠానీ గింజంత అయ్యాక పసుపై రాలిపోతున్నాయి. గంధరాజానికి మొగ్గ కట్టాలంటే రాత్రులు చల్లగా ఉండాలి, 15 నుంచి 18 డిగ్రీలు, రాత్రి వేడి పెరిగితే మొగ్గ వదిలేస్తుంది. మన దగ్గర అట్లాంటి రాత్రులు నవంబర్ ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకే. కాబట్టి డిసెంబర్‌లో మొగ్గ కట్టాలంటే అక్టోబర్‌కే మొక్క దిట్టంగా ఉండాలి, వానాకాలంలో చేసిన సేవంతా ఇక్కడ తేలుతుంది. ఏప్రిల్‌లో వచ్చిన మొగ్గలు రాలితే మీ తప్పు కాదు, వదిలేయండి. జనవరిలో రాలితే మాత్రం చూసుకోవాలి: ఒకరోజు ఎండగట్టి ఇంకోరోజు ముంచారా, కుండీ చోటు మార్చారా, మొగ్గ విప్పి తెల్ల కాగితం మీద తట్టితే సన్నటి దారప్పోగుల్లాంటి తామర పురుగులు కదులుతున్నాయా. మొగ్గ మీద ఉన్న మొక్కని అటూ ఇటూ తిప్పొద్దు, సంక్రాంతికి ఇల్లు కడగాలని మా అమ్మ కుండీ తీసి మెట్ల దగ్గర పెట్టింది, వారంలో తొమ్మిది మొగ్గలు రాలాయి, నేనేం అనలేదు, లెక్క మాత్రం పెట్టుకున్నాను.

పువ్వు మొదటి రోజు తెల్లగా, రెండో రోజుకి మీగడ రంగు, తర్వాత పసుపు. రేకుని వేలితో నొక్కితే నొక్కిన చోట గోధుమ మచ్చ వస్తుంది, అందుకని దండ కట్టడానికి పనికిరాదు, తొడిమతో కోసి జడలో ఒక్కటి పెట్టుకోండి, లేదా దేవుడి దగ్గర. పూలు అయిపోయాక, అంటే మార్చి ఆఖరికల్లా, పొడుగు కొమ్మలు మూడో వంతు కత్తిరించండి. సెప్టెంబర్ తర్వాత కత్తెర ముట్టుకోవద్దు, వచ్చే మొగ్గలన్నీ ఆ కొసల్లోనే ఉంటాయి.

పురుగులు పెద్దగా చెప్పేదేం లేదు, పిండినల్లి, తెల్లదోమ, పొలుసు పురుగు, ఆకుల మీద మసి పూసినట్టు నల్లగా ఉంటే అది వీటి తీపి జిగురు మీద పెరిగే బూజు. చీమలు కాండం ఎక్కుతుంటే పైన ఏదో ఉందని అర్థం. లీటరుకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల గిన్నెల సబ్బు, సాయంత్రం, వారానికోసారి మూడు సార్లు. పిండినల్లి రెండు మూడు చోట్లే ఉంటే పాత టూత్‌బ్రష్‌తో గీకేయండి, మందు కూడా అక్కర్లేదు.

ఇక అంటు. జూలైలో, సగం ముదిరిన కొమ్మ కొస, నాలుగైదు అంగుళాలు, కణుపు కింద కోసి, కింద ఆకులు తీసేసి, పైన రెండు మూడు ఉంచి, అవి పెద్దవైతే సగానికి కత్తిరించి, తడి కోకోపీట్ నింపిన గ్లాసులో గుచ్చి, పైన అడుగు కోసిన రెండు లీటర్ల బాటిల్ బోర్లించండి. నీడలో పెట్టి, రోజూ ఒకసారి మూత తీసి గాలి తగలనివ్వండి. ఆరు వారాలు ఆగాలి, మధ్యలో వేరు వచ్చిందా అని పీకి చూడకండి, అందుకే నేను పారదర్శకంగా ఉండే డిస్పోజబుల్ గ్లాసు వాడతాను, తెల్లటి దారాల్లాగా గోడకి తగిలినప్పుడు బయటికే కనిపిస్తాయి. పోయినేడు ఐదు పెడితే మూడు వచ్చాయి, ఒకటి చెల్లికి, ఒకటి అగరబత్తి ఆంటీకి, ఏసీ పైపు కింద బకెట్ పెట్టుకోవాలనే షరతు మీద. మూడోదానికి డిసెంబర్‌లో ఒకే ఒక్క మొగ్గ వచ్చింది. మొదటి ఏడాది మొగ్గ గిల్లేస్తే మొక్క బలంగా పెరుగుతుంది, మీరు గిల్లేయండి. నేను మాత్రం గిల్లలేకపోయాను.